ఎలర్జీతో ఉదయం పూట కళ్ళు ఉబ్బుతుంటే ఏం చేయాలి

ఉదయం లేవగానే పై రెప్పలు బరువుగా వాలి, కింది రెప్పల దగ్గర నీరు చేరి, కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయా? స్నానం, టిఫిను ముగిసేసరికి ఆ ఉబ్బు కొంత తీసి, మధ్యాహ్నానికి కనిపించకుండా పోతోందా? దానికి తోడు కళ్ళ దురద, వరస తుమ్ములు, ముక్కు దిబ్బడ కూడా ఉంటే అది చాలావరకు ఎలర్జీ వల్ల వచ్చిన వాపే అయి ఉంటుంది. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఈ బాధ పడుతున్నవారిలో చాలామంది నేరుగా మందుల షాపుకు వెళ్ళి చుక్కల మందు అడిగి తెచ్చుకుంటారు గానీ, రాత్రంతా తాము ముఖం ఆనించి పడుకున్న దిండును మాత్రం అనుమానించరు. నా ఉద్దేశంలో వెతకడం ఆ దిండు దగ్గరే మొదలుపెట్టాలి. చుక్కల మందు వంతు ఆ తరవాతే వస్తుంది.

ఈ వాపు పొద్దున్నే ఎందుకు ఎక్కువగా ఉంటుందో ముందు తెలుసుకుంటే, చేయవలసిన పనుల్లో ఏది ముఖ్యమో మీకే అర్థమవుతుంది. శరీరం మొత్తం మీద అతి పలుచని చర్మం కనురెప్పలది. ఉల్లిపొర లాంటి ఆ చర్మం కింద కణజాలం వదులుగా ఉంటుంది కనుక నీరు సులువుగా చేరుతుంది. సరిపడని పదార్థం కంటికి గానీ ముక్కుకు గానీ తగిలినప్పుడు అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దాని వల్ల సన్నని రక్తనాళాల గోడలు వదులై, వాటిలోని ద్రవం బయటికి ఊరుతుంది. దురద పుట్టించేది కూడా ఆ హిస్టమినే. పగలు నిలబడి, కూర్చుని ఉన్నంతసేపూ ఆ ద్రవం కిందికి దిగిపోతుంది. రాత్రి అడ్డంగా పడుకున్నప్పుడు దిగే దారి లేక రెప్పల్లోనే నిలుస్తుంది. నిద్రలో తెలియకుండా కళ్ళు నలుపుకుంటే వాపు ఇంకా పెరుగుతుంది. ఒక పక్కకే తిరిగి పడుకునే అలవాటున్నవారికి ఆ పక్క కన్ను ఎక్కువగా ఉబ్బడం మామూలే.

ముందుగా ఇది ఎలర్జీయేనని తేల్చుకోండి

ఇందులో మొదటి గుర్తు దురద. దురద లేని వాపును ఎలర్జీ అనుకోవడానికి తొందరపడకూడదు. ముఖ్యంగా పిల్లల విషయంలో ఈ మాట గట్టిగా చెప్పాలి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బులో మొట్టమొదట కనిపించేది పొద్దుటిపూట కళ్ళ చుట్టూ వచ్చే వాపే. దాన్ని ఎలర్జీ అనుకుని వారాల తరబడి సెట్రిజిన్ సిరప్ పోస్తూ ఉండగానే పొట్ట, కాళ్ళు కూడా ఉబ్బి అసలు సంగతి బయటపడుతూ ఉంటుంది. అందువల్ల పిల్లవాడి కళ్ళు దురద లేకుండా ఉబ్బుతున్నా, మూత్రం నురుగుగా వస్తున్నా, రోజుకు పోసే మూత్రం తగ్గినా, ఏ మందూ మొదలుపెట్టకముందే మూత్రంలో అల్బుమిన్ ఉందేమో పరీక్ష చేయించండి. ఇది పెద్ద ఖర్చు లేని పరీక్ష, నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. పెద్దవారిలో కూడా సాయంత్రానికి పాదాలు ఉబ్బి, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంటే ఇదే పరీక్షతో పాటు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, బీపీ కూడా చూపించుకోవాలి. ముఖం ఉబ్బడంతో పాటు మలబద్ధకం, నీరసం, చలి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. ఐదో నెల దాటిన గర్భిణికి ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ ఉంటే ఆ రోజే బీపీ చూపించాలి. మర్నాటికి వాయిదా వేయకూడదు.

ఒక్క కన్నే ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పిగా, వేడిగా ఉంటే అది కంటి కురుపు గానీ ఇన్ఫెక్షన్ గానీ అయి ఉంటుంది. జ్వరం కూడా ఉండి, కన్ను కదిలిస్తే నొప్పి పుడుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మరొక కారణం చాలామందికి తట్టదు: ఒళ్ళు నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు కొందరికి సరిపడక రెప్పలు వాచిపోతాయి, బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ కూడా అరుదుగా ముఖం వాపు తెస్తాయి. ముందు రోజు ఏ మాత్ర వేసుకున్నారో గుర్తు చేసుకోండి. పెదవులు, నాలుక ఉబ్బినా, గొంతు బిగుసుకుపోయినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా ఇక ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

ఉబ్బిన పొద్దున చేయవలసినది

కళ్ళు నలుపుకోకూడదు అనేది చెప్పడానికి తేలిక, పాటించడానికి కష్టం. అయితే నలిపిన కొద్దీ మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ మరింత వెలువడుతుంది కాబట్టి, ఆ క్షణానికి హాయిగా ఉన్నా పావుగంటలో వాపూ దురదా రెట్టింపవుతాయి. ఏళ్ళ తరబడి గట్టిగా నలుపుకునే పిల్లల్లో నల్లగుడ్డు పలుచబడి ముందుకు పొడుచుకు వచ్చే కెరటోకోనస్ అనే స్థితికి కూడా అది దారి తీయవచ్చు. కనుక లేవగానే చేతులు సబ్బుతో కడుక్కుని, మూసిన కళ్ళ మీద చల్లని మంచినీళ్ళు జల్లుకుంటూ ముఖం కడుక్కోండి. రాత్రంతా వెంట్రుకలకూ రెప్పలకూ అంటుకున్న దుమ్ము దానితో పోతుంది.

తరవాత శుభ్రంగా ఉతికిన పలుచని నూలు గుడ్డను కుండలోని చల్లని నీళ్ళలో గానీ ఫ్రిజ్ నీళ్ళలో గానీ ముంచి, నీరు కారకుండా పిండి, నాలుగు మడతలు వేసి, మూసిన రెండు కళ్ళ మీదా పరుచుకోండి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. గుడ్డ వెచ్చబడగానే మళ్ళీ ముంచాలి. ఈ సమయంలో పడుకోకుండా కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంటే చేరిన నీరు త్వరగా దిగుతుంది. ఐస్ ముక్కను నేరుగా చర్మానికి ఆనించవద్దు. వేడి కాపడం కంటి కురుపుకు పనికివస్తుంది గానీ, ఎలర్జీ వాపును పెంచుతుంది. కీరదోస చక్రాల సంగతి చాలామంది అడుగుతారు: వాటి గుణం చల్లదనంలోనే ఉంది, తడిగుడ్డతో కూడా అదే జరుగుతుంది, కాబట్టి కీరదోస సలాడ్‌లో తినడం మేలు.

కళ్ళు ఇసుక పడినట్టుంటే మందు కలపని కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకోవచ్చు. లోపల నిలిచిన పుప్పొడిని, దుమ్మును అవి కడిగివేస్తాయి. ఆ రోజుకు కాటుక, ఐలైనర్, కాంటాక్ట్ లెన్సులు పక్కన పెట్టాలి. నందివర్ధనం పూల రసం, చనుబాలు, ఆముదం, తేనె కంట్లో పిండే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఆ పదార్థాలు మంచివా చెడ్డవా అన్న చర్చ ఇక్కడ అవసరం లేదు. అవి క్రిమిరహితంగా ఉండవు, నలిపి నలిపి గీరుకుపోయిన కంట్లో వాటిని పోస్తే నల్లగుడ్డు మీద పుండు పడి చూపే దెబ్బతినవచ్చు.

పడక దగ్గర పని

ఇక్కడ మీరు పెట్టే శ్రమకు తగిన ఫలితం చాలావరకు ఉంటుంది, కాబట్టి కొంచెం ఓపికగా చేయండి. కంటికి కనిపించనంత చిన్నవైన డస్ట్ మైట్ అనే దుమ్ము పురుగులు పరుపుల్లో, దిండ్లలో, రగ్గుల్లో ఉండి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. నీళ్ళు తాగే నోరు వాటికి లేదు. గాలిలోని తేమను ఒంట్లోకి పీల్చుకుంటాయి. సముద్రతీరపు ఉక్క వాటికి ఎంతగా కలిసివస్తుందో దీన్నిబట్టే ఊహించవచ్చు. అవి కుట్టవు, కరవవు. వాటి రెట్టలోని ప్రోటీన్లే మనకు సరిపడవు.

మీ దిండును ఒకసారి పగటి వెలుతురులో పరిశీలించండి. గలీబు తీసి చూస్తే లోపలి గుడ్డ మీద తలనూనె, చెమట కలిసిన పసుపు మరకలు, కుట్టు దగ్గర నుంచి బయటికి వచ్చిన బూరుగు దూది నూగు, చేతితో తడితే ఎండ చారలో లేచే సన్నని దుమ్ము కనిపిస్తాయి. అలాంటి దిండు ఏళ్ళ నాటిదైతే గలీబు ఎంత తెల్లగా ఉన్నా ప్రయోజనం లేదు, దాన్ని మార్చవలసిందే. కొత్తదానికి ఉతకడానికి వీలైన దిండును ఎంచుకుని, దుమ్ము పురుగులను ఆపే దగ్గరి నేతతో జిప్పు ఉండే లోపలి కవరు తొడిగి, దాని పైన మామూలు గలీబు వేయండి. పరుపుకు కూడా అలాంటి కవరు దొరుకుతుంది. రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు దిండుకే కొనండి, ముక్కూ కళ్ళూ ఆనేది దానికే.

గలీబులు, దుప్పట్లు వారానికి ఒకసారి వేడినీళ్ళలో ఉతకాలి. చల్లని నీళ్ళలో ఉతికితే మురికి పోతుంది గానీ పురుగులు చావవు. అవి చావాలంటే నీటి వేడి 55 నుంచి 60 డిగ్రీలు ఉండాలి. వాషింగ్ మెషీన్‌లో 60 అన్న సెట్టింగు ఉంటే సరే. లేనివారు సలసల మరిగిన నీళ్ళు ఒక బిందె, కుళాయి నీళ్ళు ఒక బిందె టబ్బులో కలిపితే దాదాపు ఆ వేడే వస్తుంది. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టకుండా, పిల్లలను దగ్గరికి రానివ్వకుండా, కర్రతో అద్ది అరగంట నానబెట్టి తరవాత మామూలుగా ఉతుక్కోవాలి. నూలు గుడ్డలకు ఇది బాగా నప్పుతుంది, రంగు దిగే గుడ్డలకు నప్పదు.

పరుపును ఎండలో వేయడం మన పెద్దవాళ్ళ మంచి అలవాటు. మండుటెండలో మిద్దె మీద ఒక పూటంతా, మధ్యలో తిరగవేస్తూ ఎండబెడితే తేమ పోయి పురుగులు చాలావరకు నశిస్తాయి. అయితే వాటి రెట్ట ఎండకు పోదు. కర్రతో గట్టిగా దులపాలి, వీలైతే వాక్యూమ్ క్లీనర్‌తో లాగాలి. ఈ దులిపే పని ఎలర్జీ ఉన్నవారు చేయకూడదు. పాత దూదిని మళ్ళీ ఏకించి పరుపు కుట్టించేటప్పుడు కూడా వారు ఆ దరిదాపుల్లో ఉండకపోవడమే క్షేమం. అలాగే ధనుర్మాసపు చలికి అటక మీది నుంచి దించిన రగ్గును అదే రాత్రి కప్పుకోవద్దు. ఉతికి, ఎండబెట్టిన తరవాతే వాడండి.

పడుకునేముందు తలలోని పూలు తీసివేసి, ముఖం, కనుబొమలు కడుక్కోవాలి. రోజంతా బయట తిరిగినవారు తలస్నానం చేయగలిగితే మరీ మంచిది, ఎందుకంటే నూనె రాసిన జుట్టుకు దుమ్మూ పుప్పొడీ పట్టుకుని, అక్కడి నుంచి దిండుకూ దిండు నుంచి కంటికీ చేరుతాయి. తల కింద ఇంకొక దిండు వేసుకుని తలను కాస్త ఎత్తుగా ఉంచితే రెప్పల్లో నీరు నిలవడం తగ్గుతుంది.

గది సంగతి

సీలింగ్ ఫ్యాన్ రెక్కల అంచున పేరుకున్న నల్లని దుమ్మును చీపురుతో దులిపితే అదంతా మంచం మీదే పడుతుంది. వాడకంలో లేని పాత గలీబును కొద్దిగా తడిపి, ఒక్కొక్క రెక్కకు తొడిగి వెనక్కి లాగితే దుమ్ము గలీబులోనే ఉండిపోతుంది. గచ్చును ఊడవడానికి బదులు తడిగుడ్డ పెట్టండి. ఏసీ ఉంటే దాని జాలీని నెలకోసారైనా నీళ్ళతో కడగాలి. కూలర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి: వట్టివేళ్ళ తెరలు, గడ్డి ప్యాడ్లు రోజులతరబడి తడిగా ఉండి ఫంగస్ పడతాయి, పైగా మూసిన గదిలో కూలర్ తేమను పెంచుతుంది. అందువల్ల కూలర్ నడిచేటప్పుడు కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి, నీళ్ళు తరచుగా మార్చాలి, ప్యాడ్లు ఏటా కొత్తవి వేయాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఈ ప్రాంతాన్ని తడిపే కాలంలో, మంచం ఆనుకున్న గోడ చెమ్మగిల్లి నల్లని మచ్చలు పడుతున్నాయేమో చూడండి. ఉంటే మంచాన్ని గోడకు దూరంగా జరిపి, ఆ మచ్చలను ఎలర్జీ లేనివారెవరైనా తుడిచి, కారుతున్న చోటును బాగు చేయించాలి. దోమల కాయిల్, అగరువత్తి, సాంబ్రాణి పొగలు ఎలర్జీ కారకాలు కాకపోయినా, అప్పటికే రేగిన కంటిని మంటపెడతాయి. పడకగదిలో దోమతెర వాడడమే మంచి మార్గం.

బయటి నుంచి వచ్చేవి

వానల తరవాత ఊరి చివరి ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన తెల్లని చిన్న పూలతో పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి ముక్కుకు, కంటికి, చర్మానికి కూడా సరిపడదు. దాన్ని ఉత్త చేతులతో పీకవద్దు. చేతితొడుగులు వేసుకుని, పూత రాకముందే పీకించాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చెరువు గర్భాల్లో, బీళ్ళలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ పుప్పొడి కూడా ఎలర్జీ కలిగించేదే. దాని పూత రోజుల్లో పొద్దుటిపూట కిటికీలు మూసి ఉంచి, బట్టలు ఇంటి లోపలే ఆరవేసుకోవాలి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో పెన్నా డెల్టాలో వరికోత యంత్రాలు దిగినప్పుడూ, మళ్ళీ ఎడగారు (రెండో పంట) కోతలప్పుడూ లేచే నూగు, దుమ్ము పొలంలో పనిచేసేవారినే కాక రోడ్డు మీద పోయేవారిని కూడా పట్టుకుంటాయి. కొండపి, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగు పనిలో ఉండేవారికి, చీమకుర్తి రాతి పనివారికి ఆ దుమ్ము వల్ల కళ్ళు మండి ఎర్రబడతాయి. రాతి దుమ్ము చేసేది ఎలర్జీ కాదు, రాపిడి. అందుకు ఎలర్జీ మాత్ర పనిచేయదు. ఈ పనులన్నిటికీ పక్కలు కూడా మూసి ఉండే కళ్ళద్దాలు, మాస్కు, తలకు తువ్వాలు అవసరం. ఇంటికి రాగానే ఆ బట్టలు గుమ్మం బయటే విడిచి, స్నానం చేసిన తరవాతే మంచం ఎక్కాలి.

తిండి గురించి రెండు మాటలు. వంకాయ, గోంగూర మానెయ్యమనే సలహా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది గానీ, తిండి ఎలర్జీ మామూలుగా తిన్న రెండు గంటల లోపే దద్దుర్లు, పెదవుల వాపు రూపంలో బయటపడుతుంది. అలా జరగనప్పుడు కూరలన్నీ మానుకోవడం అనవసరం. రొయ్యల విషయం వేరు. రొయ్యల్లో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ దుమ్ము పురుగుల్లో కూడా ఉంటుంది కాబట్టి దుమ్ము పడనివారిలో కొందరికి రొయ్యలూ పడవు. రొయ్యలు తిన్న వెంటనే నోరు దురద పెడితే అది గమనించవలసిన సంగతి. ఇక రాత్రి భోజనంలో ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు కలిసి పడితే ఆ ఉప్పు నీటిని పట్టి ఉంచి పొద్దుటి ఉబ్బును పెంచుతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మందుల దగ్గర జాగ్రత్తలు

పడక శుభ్రం చేసుకున్నా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే మందు కావాలి. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మాత్రలు తుమ్ములనూ దురదనూ తగ్గిస్తాయి. వీటిలో సెట్రిజిన్ కొందరికి మత్తు తెస్తుంది కనుక వేసుకుని బండి నడపవద్దు. కంటి దురదకు ఓలోపటడిన్, కీటోటిఫెన్ చుక్కలు మాత్రల కంటే త్వరగా పనిచేస్తాయి. కింది రెప్పను కొద్దిగా లాగి, సీసా మొన కంటికి తగలకుండా ఒక్క చుక్క వేసి, కన్ను మూసుకుని ముక్కు పక్కన కంటి మూలను నిమిషంపాటు నొక్కి ఉంచాలి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాల ఎడం ఇవ్వాలి. మూత తీసిన రోజును సీసా మీద రాసి, నెల దాటితే పారవేయాలి. ముక్కు దిబ్బడ ఉన్నవారికి డాక్టరు రాసే ముక్కు స్ప్రే కళ్ళ బాధను కూడా తగ్గిస్తుంది. కళ్ళ కింది నల్లని చారలకు ఈ దిబ్బడే తరచుగా కారణం.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక స్టెరాయిడ్ చుక్కల గురించి. ఒక్క రోజులో కన్ను తేటపడుతుంది కాబట్టి, ఎప్పుడో రాసిచ్చిన చీటీతో ఏళ్ళ తరబడి కొనుక్కునేవారు ఉన్నారు. పర్యవేక్షణ లేకుండా వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు, శుక్లాలు కూడా రావచ్చు, నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. మీ సీసా మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసలోన్, ఫ్లోరోమెథలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చదవండి. యాంటీబయాటిక్‌తో కలిపి ఉన్న చుక్కల్లో కూడా ఇవి ఉంటాయి. ఉంటే మీ అంతట మీరు కొనసాగించకుండా కంటి డాక్టరుకు చూపించండి. ఎండాకాలంలో బడి పిల్లలకు, అందులోనూ మగపిల్లలకు వచ్చే తీవ్రమైన కంటి ఎలర్జీలో ఈ దురుపయోగం మరీ ఎక్కువగా జరుగుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు రెండు వారాలపాటు గోడ క్యాలెండరులో ప్రతి ఉదయం ఉబ్బు ఎంత, దురద ఉందా లేదా, ముందు రాత్రి ఎక్కడ పడుకున్నారు అన్న మూడు విషయాలు రాసి ఉంచండి. చుట్టాల ఇంట్లో పడుకున్న రాత్రుల తరవాత కళ్ళు తేటగా ఉంటే మీ పడకగదిలోనే కారణం ఉందని దాదాపు ఖాయం. వాడుతున్న సీసాలు, మాత్రల అట్టలు వెంట తీసుకెళ్ళండి. ఏ పదార్థం పడదో తేల్చడానికి చర్మం మీద చేసే ప్రిక్ పరీక్ష రాస్తే, దానికి వారం ముందు నుంచి ఎలర్జీ మాత్రలు ఆపవలసి ఉంటుంది, లేకపోతే ఫలితం సరిగా రాదు. కంటి చుక్కలనూ ముక్కు స్ప్రేనూ ఆపాలా వద్దా అన్నది పరీక్షకు తేదీ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి.